ఉప్పుగాలిలో పదేళ్లు: మా భీమిలి ఇంట్లో మూడు ఏసీలు

మా ఇల్లు భీమిలిలో, సముద్రానికి మూడు వందల మీటర్ల లోపే. మేడెక్కితే లైట్‌హౌస్ కనిపిస్తుంది. గోస్తని సముద్రంలో కలిసే వైపు నుంచి గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. ఆ గాలి కోసమే మా మామయ్యగారు ఈ స్థలం కొన్నారు. ఆ గాలే మా మొదటి ఏసీని నాలుగేళ్లలో తినేసింది. దాని స్థానంలో కొన్నది ఆరేళ్లు దాటినా బాగానే పనిచేస్తోంది. గది అదే, లోపలి యూనిట్ పెట్టిన గోడా అదే. ఏసీ కొనబోయేవాళ్లు ముందుగా ఏ కంపెనీ మంచిదని అడుగుతారు. మా లాంటి ఊళ్లో అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఎవరు బిగిస్తారు, బయటి యూనిట్ ఏ గోడకి పెడతారు. ఈ రాతంతా వాటి గురించే. అందుకే కంపెనీ పేర్లు రాయడం లేదు.

హైదరాబాదులో ఉండే మా చెల్లెలు ప్రతి మే నెలలోనూ ఫోన్లో ఒకటే మాట అంటుంది: "మీకు 35 డిగ్రీలే కదే అక్కా, మాకిక్కడ 42." నిజమే. కానీ వాళ్లకి చెమట పట్టినది పట్టినట్టు ఆరిపోతుంది. ఇక్కడ ఆరదు. మధ్యాహ్నం ఉతికిన నూలు చీర రాత్రికి కూడా అంచుల దగ్గర చల్లగా తగులుతుంది. వేయించిన అప్పడం భోజనం అయ్యేలోపు మెత్తబడిపోతుంది. ఉప్పు జాడీ అడుగున ఎప్పుడూ నీరే. బీరువాలో పట్టుచీరల మీద బూజు రాకుండా చూసుకోవడం మాకు ఒక నిత్యపని. ఇలాంటి ఊళ్లో ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, గాలిలోంచి నీళ్లు కూడా తోడాలి. ఈ రెండో పని సంగతి నాకు మొదటి ఏసీ కొన్నప్పుడు తెలియదు. కొట్లో అమ్మిన అబ్బాయీ చెప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా తూర్పు గది కిటికీలు రెండూ ఊడిపోయాయి. ఆ మరమ్మతులన్నీ అయ్యాక, 2015 ఏప్రిల్‌లో, ఆ గదిలో ఉండే మా అత్తయ్యగారి కోసం మొదటి ఏసీ కొన్నాం. గది పది అడుగులు, పదకొండు అడుగులు. ఒక టన్ను చాలు (టన్ను అంటే ఇక్కడ బరువు కాదు, ఏసీ చల్లబరిచే బలానికి కొలత). "ఎందుకైనా మంచిది, ఒకటిన్నర తీసుకోండి మేడం, తొందరగా చల్లబడుతుంది" అన్నాడు కొట్టు అబ్బాయి. తీసుకున్నాం. అది ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చే ఏర్పాటు) లేని మామూలు మూడు స్టార్ల మెషిన్.

అతను చెప్పినట్టే తొందరగా చల్లబడేది. వచ్చిన చిక్కల్లా అదే. పది నిమిషాల్లో గది 24కి రాగానే కంప్రెసర్ ఆగిపోయేది. లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. అప్పటికి లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే చల్లటి గొట్టాల చుట్ట) మీద పట్టిన నీటిలో కొంత మళ్లీ గదిలోకే ఆవిరయ్యేది. గది చల్లగానే ఉండేది, దుప్పటి మాత్రం తడిగుడ్డలా ఉండేది. అత్తయ్యగారు "ఇదేం చలమ్మా, ఒళ్లంతా జిడ్డు జిడ్డుగా ఉంది" అనేవారు. ముసలితనం వల్ల అలా అనిపిస్తోందనుకున్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తేమ పోవాలంటే కంప్రెసర్ ఎక్కువసేపు నిదానంగా నడవాలి. అవసరానికి మించిన టన్నేజీ తీసుకుంటే ఆ అవకాశమే ఉండదు. పొడి ఊళ్లో ఇది పెద్దగా తెలియకపోవచ్చు. సముద్రం పక్కన మాత్రం మొదటి రాత్రే తెలుస్తుంది.

బిగించిన రోజు సంగతి కూడా చెప్పాలి. కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. సాయంత్రంలోగా ఇంకో అయిదిళ్లు ఉన్నాయన్నారు. ముప్పావుగంటలో పని అయిపోయింది. మెషిన్‌తో వచ్చే మూడు మీటర్ల రాగి పైపు సరిపోవాలని బయటి యూనిట్‌ని తూర్పు గోడకే, సరిగ్గా సముద్రానికి ఎదురుగా పెట్టారు. పైపుల్లో గాలి తీయడానికి వాక్యూమ్ పంపు వాడలేదు. వాల్వు కొంచెం తెరిచి, లోపలున్న గ్యాస్‌తోనే గాలిని బయటికి నెట్టి, బిగించేశారు. అలా చేయకూడదని నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. వాళ్లను తిట్టాలని లేదు. ఇంటికింత అని కూలి ఇచ్చేవాళ్లు ఒక్కో ఇంట్లో రెండు గంటలు ఉండలేరు. కానీ ఆ తొందర ఖరీదు మేం కట్టాం.

2016 వేసవికే చల్లదనం తగ్గింది. సర్వీసుకి వచ్చినతను గేజి పెట్టి చూసి "గ్యాస్ తగ్గింది మేడం" అని ఎక్కించి 2,500 తీసుకున్నాడు. 2017లో ఇంకొకరు వచ్చారు, అదే మాట, 2,800. నా లెక్కలో అది స్కూటర్లో పెట్రోలు పోయించుకోవడం లాంటిది. ఏడాదికోసారి ఖర్చు అని డైరీలో కూడా రాసుకున్నాను.

2018 మే నెలలో అత్తయ్యగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొచ్చిన నాలుగో రోజున ఏసీ పూర్తిగా చల్లదనం ఇవ్వడం మానేసింది. కంపెనీకి ఫిర్యాదు చేస్తే "రేపు వస్తారు" అన్న మాట తొమ్మిది రోజులు సాగింది. భీమిలి నుంచి ఒకటే కాల్ ఉందట, ఇంకో రెండు వస్తే కలిపి మనిషిని పంపుతారట. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ వెల్లకిలా తప్ప పడుకోలేని స్థితి. ఫ్యాను గాలి ఉక్కనే తిప్పి తిప్పి కొట్టేది. గంటకోసారి వీపు తుడిచి పౌడర్ రాసినా మూడో రోజుకి నడుము కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడింది. ఆరో రోజుకి నీరు కారడం మొదలైంది. డ్రెస్సింగ్‌కి వచ్చిన నర్సమ్మ "ముందు ఈ గది ఆరాలమ్మా" అంది. అప్పటిదాకా ఏసీ అంటే నాకు సుఖం. ఆ వారంలో అది మందుసీసా లాంటిదయింది. అందుకే దీని గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

పదో రోజున మా స్కూల్లో తోటి టీచర్ చెప్పగా మధురవాడ నుంచి ఒక మెకానిక్ గారిని పిలిపించాం. యాభై దాటిన మనిషి, అంతకుముందు రొయ్యల ఫ్యాక్టరీలో కోల్డ్ స్టోరేజీ యంత్రాలు చూసేవారట. వచ్చీరాగానే గ్యాస్ సిలిండర్ తీయలేదు. పాత బిల్లులు చూపించమన్నారు. చూసి ఇలా అన్నారు: "అమ్మా, గ్యాస్ అన్నది వాడితే అయిపోయేది కాదు. అది గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. కన్నం వెతక్కుండా ఎక్కించినోళ్లు మీకు పని చెయ్యలేదు, కారే బిందెలో నీళ్లు పోసి వెళ్లిపోయారు."

తర్వాత పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, గేజి ముల్లు ఎక్కడుందో చాక్‌పీసుతో గోడ మీద రాసి, సబ్బు నురగ పట్టుకుని కూర్చున్నారు. లోపలి యూనిట్ దగ్గర నట్టు బిగించిన చోట ఒక బుడగ లేచింది. అసలు దెబ్బ బయట ఉంది. మూత విప్పగానే నాకే అర్థమైంది. కాయిల్ మీద సన్నటి అల్యూమినియం రేకులుంటాయి కదా, సముద్రం వైపున్నవి వేలు తగిలితే విభూతిలా రాలిపోయాయి. అడుగున రాగి గొట్టం వంపుల దగ్గర పచ్చగా చిలుము. అందులో రెండు చోట్ల బుడగలు. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి ముందు అల్యూమినియాన్ని తినేస్తుందని ఆయన చెప్పారు. రేకులు పోతే వేడి బయటికి పోయే దారి లేదు. కంప్రెసర్ ఎంత కష్టపడినా గది చల్లబడదు, కరెంటు మాత్రం కాలుతుంది.

ఆ రోజు కన్నాలకి అతుకు వేసి, వాక్యూమ్ చేసి, కాటా మీద తూచి గ్యాస్ ఎక్కించారు. మొత్తం 4,200 అయింది. "ఇది ఈ సీజన్ దాటిస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి" అని ముందే చెప్పారు. మళ్లీ మే నెల రాకముందే అది చేతులెత్తేసింది. అంతకుముందు రెండుసార్లు గ్యాస్ ఎక్కించిన డబ్బుల కంటే నిజం చెప్పిన ఈ ఒక్క బిల్లే నాకు చౌక అనిపించింది.

రెండోది 2019 మార్చిలో కొన్నాం. ఒక టన్ను, ఇన్వర్టర్, అయిదు స్టార్లు, ఆర్32 గ్యాస్, రాగి కాయిల్, దాని మీద తుప్పు ఆపే పూత. పూత గురించి ఒక మాట: అది నీలంగా కనిపించినంత మాత్రాన అన్నీ ఒకటే కావు. కొన్ని పూతలు నీటిచుక్కలు నిలవకుండా జారిపోవడానికి వేసేవి, ఉప్పుకి కాదు. తీరప్రాంతానికి పనికొస్తుందని కంపెనీ కాగితం మీద రాసి ఉందా అని కొట్లో అడిగి చదివించుకున్నాను. ఎంత మంచి పూతైనా సముద్రానికి ఎదురుగా పెడితే నిలవదని మెకానిక్ గారు ముందే చెప్పారు.

వారంటీ ఉండాలంటే కంపెనీ మనుషులే బిగించాలి. అందుకని డబ్బు కట్టకముందే కొట్లో చెప్పేశాను: వాక్యూమ్ పంపు లేకుండా వస్తే వెనక్కి పంపేస్తాను. ఆ మాట బిల్లు మీద రాయించాను. బిగించే రోజున మెకానిక్ గారిని కూడా రమ్మని, ఆయన రోజుకూలి 800 విడిగా ఇచ్చాను. ఆయన ఒక్క పనిముట్టు కూడా ముట్టుకోలేదు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారంతే. వచ్చిన కుర్రాళ్లు కూడా ఇబ్బంది పడలేదు. ఒకతను మధ్యలో పైపు చివర విప్పార్చిన అంచు చూపించి "గురువుగారూ, ఈ ఫ్లేరు చూడండి, బావుందా" అని అడిగి మరీ మళ్లీ చేశాడు. పని నేర్పేవాళ్లుంటే నేర్చుకోవడానికి వాళ్లు సిద్ధంగానే ఉన్నారు.

ఈసారి బయటి యూనిట్ పడమటి వైపు, మెట్లకింద గోడ పక్కన పెట్టించాం. సముద్రానికీ దానికీ మధ్య ఇల్లంతా అడ్డు. వెనక గోడకి అడుగు దూరం, ముందు పూర్తిగా ఖాళీ. పైపు ఆరున్నర మీటర్లు అయింది. మూడు మీటర్లు మెషిన్‌తో వచ్చింది, మిగతా మూడున్నరకి విడిగా కట్టాం. పైపు ఎక్కువైతే చల్లదనం కొద్దిగా తగ్గుతుందన్నారు. నాకు తేడా తెలియలేదు. ఇనుప స్టాండుకి రంగు వేసి ఇస్తామన్నారు, వద్దని జింకు పూత వేసినది తెప్పించుకున్నాం. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. పాత స్టాండు బోల్టులు విప్పబోతే తలలు ఊడి చేతికొచ్చాయి. అంత బరువు రెండేళ్లుగా వాటి మీదే వేలాడిందని తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. దాని కింద మా పిల్లలు సైకిళ్లు పెట్టుకునేవాళ్లు.

వాక్యూమ్ పంపు ముప్పై అయిదు నిమిషాలు నడిచింది. ఆపాక పావుగంట ముల్లు కదలకుండా చూశారు. మా ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. పైపులో మిగిలిపోయే గాలి మామూలు గాలి కాదు, నీటితో నిండిన గాలి. కొత్త మెషిన్లలో వాడే నూనె ఆ తేమని పీల్చుకుంటుంది. తర్వాత లోపల ఆమ్లం తయారై కంప్రెసర్‌కి చేటు చేస్తుంది.

పైపులు గోడలోంచి వచ్చే రంధ్రం సంగతి ఎవరూ పట్టించుకోరు. మాకు మొదటి ఏసీ ఉన్నన్నాళ్లూ గోడ మీద నీటి చారలు పడేవి. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రైన్ పైపు వల్లేననుకుని పదిసార్లు చూపించాం. డ్రైన్ బాగానే ఉంది. ఆ రంధ్రం చుట్టూ ఖాళీలోంచి బయటి తేమగాలి యూనిట్ వెనక్కి చేరి, చల్లటి పైపు మీద నీరుగా మారి గోడ వెంట కారేది. ఈసారి పుట్టీతో గట్టిగా మూసి, సన్న పైపుకీ లావు పైపుకీ వేర్వేరుగా నల్ల స్పాంజి తొడుగు వేశారు. ఈ మెషిన్లలో సన్న పైపు కూడా చల్లగానే ఉంటుంది, కాబట్టి ఒక్కదానికే తొడిగి వదిలేస్తే కారుతుంది. గోడ ఆ రోజు నుంచి పొడిగానే ఉంది. మాది పాతకాలం ఇల్లు కాబట్టి కిటికీల పైన వెంటిలేటర్లు ఉండేవి. వాటికి అద్దాలు బిగించాం. అవి తెరిచి ఏసీ వేస్తే సముద్రాన్ని ఎండబెట్టే ప్రయత్నమే.

ఇక వాడకం. ఏసీ నీటిని నేను బకెట్లో పట్టి కొలుస్తూ వచ్చాను. టీచర్ని కాబట్టి కొలిచే అలవాటు ఉంది. ఆగస్టులో, వాన పడీ పడని రాత్రుల్లో, ఎనిమిది గంటలకి ఇరవై లీటర్ల బకెట్ సగం నిండుతుంది. జనవరిలో అడుగు తడుస్తుంది, అంతే. గాలిలో ఆవిరిగా ఉన్నది ఒక లీటరు నీరుగా మారాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. ఒక టన్ను ఏసీ పూర్తి బలంతో గంటకి తీసే వేడి 12,600 కిలోజౌళ్ల పైచిలుకు. అంటే ఆ సగం బకెట్ పట్టడానికే అది దాదాపు రెండు గంటల పని చేయాలి. వైజాగ్‌లో, భీమిలిలో బిల్లు ఎందుకు ఎక్కువొస్తుందని అడిగేవాళ్లకి నేను ఆ బకెట్టే చూపిస్తాను. ఆ నీళ్లతో ఇల్లు తుడుస్తాం, మొక్కలకి పోస్తాం. కరెంటు పోయినప్పుడు వాడే ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొద్దని మెకానిక్ గారు చెప్పారు. అది కాయిల్ మీద దుమ్మూ మురికీ కడుక్కుని వచ్చిన నీరు, డిస్టిల్డ్ వాటర్ కాదు.

మీటర్ చూసి రాసుకున్న లెక్క ప్రకారం మే నెలలో 24 మీద పెడితే రాత్రికి అయిదు యూనిట్ల దాకా, 26 మీద పెట్టి ఫ్యాను రెండులో వేస్తే మూడున్నర. వానాకాలంలో మేం ఎక్కువగా 26, ఫ్యాను. రిమోట్‌లో డ్రై మోడ్ అని ఒకటుంటుంది, చాలామంది దాన్ని నొక్కనే నొక్కరు. సెప్టెంబరులో వేడి లేకుండా ఉక్క మాత్రమే ఉన్న రాత్రుల్లో నాకు అదే హాయి. స్టార్ లేబుల్ మీద వేసే ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. మా అత్తయ్యగారి గదిలో ఫిబ్రవరి చివర నుంచి నవంబరు దాకా నడుస్తుంది, మధ్యాహ్నాలు కూడా. గంటలు లెక్కేస్తే దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి లేబుల్‌ని రెండు మెషిన్లని పోల్చుకోవడానికే వాడాలి, అదే బిల్లు అనుకోకూడదు. ఎక్కువ గంటలు వాడే ఊళ్లో అయిదు స్టార్లకి పెట్టిన అదనపు డబ్బు తొందరగానే తిరిగొస్తుంది. మాకు మూడో ఏడాదికి వచ్చేసింది.

రెండో మెషిన్‌కి రోగాలు రాలేదని కాదు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వస్తోందంటే బయటి యూనిట్‌కి టార్పాలిన్ చుట్టి తాళ్లు కట్టాం. వాన తగ్గాక వారం రోజులు విప్పడం మర్చిపోయాం. లోపల తేమ ఊరి, చీమలు చేరి, బయటి యూనిట్‌లో ఉండే పీసీబీ (మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయింది. మా మోడల్‌కి పీసీబీ వారంటీ మొదటి ఏడాదే. కొత్తది 6,500 అన్నారు. మెకానిక్ గారు తీసి బ్రష్షుతో శుభ్రం చేసి, కాలిన భాగం మార్పించి, మీద వార్నిష్ లాంటి పూత వేయించి 1,800లో బాగు చేయించారు. నాలుగేళ్లయింది, నడుస్తోంది. అప్పటి నుంచి తుఫానుకి మేం చేసేది ఒకటే, ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్చి) ఆపేసి స్టాండు బోల్టులు చూసుకోవడం. 2025 అక్టోబరులో మొంథా అప్పుడూ అంతే చేశాం. బయటి యూనిట్ వానకి తడవడానికే తయారైంది. దాన్ని చుట్టి ఊపిరాడకుండా చేయకూడదు.

డ్రైన్ ఏటా జూలైలో ఒకసారి మూసుకుపోతుంది. లోపల పాకుడు పెరుగుతుంది. దీనికి ఎవర్నీ పిలవక్కర్లేదు. పైపు చివర నుంచి గట్టిగా ఊదడమో, లోపలి ట్రేలోకి మగ్గుడు నీళ్లు నిదానంగా పోయడమో చాలు. అలాగే వాసన. తడి సాక్సు వాసన వస్తోందంటే బ్లోయర్ చక్రం మీద నల్లటి బూజు పట్టిందని అర్థం. పొద్దున్న ఏసీ ఆపేముందు అరగంట ఉత్త ఫ్యాను మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరిపోతుంది, బూజు బాగా తగ్గుతుంది. ఈ అలవాటు చేసుకున్నాక ఏడాదికి రెండుసార్లు చేయించే జెట్ వాష్ ఒకటికి తగ్గింది.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మాత్రం నెలకోసారి బయటి యూనిట్‌ని మంచినీళ్లతో కడగడం. ఎంసీబీ ఆపి, తోటపైపుతో, మెల్లగా, రేకులు నిలువుగా ఉంటే నీళ్లు కూడా నిలువుగా. ఇక్కడ మా వీధిలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బోరు నీళ్లతో కడుగుతారు. సముద్రం ఇంత దగ్గరున్న చోట బోరులో వచ్చేది ఉప్పునీరే. ఉప్పు కడగడానికి ఉప్పునీరు వాడితే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. మేం మున్సిపాలిటీ కుళాయి నీళ్లే రెండు బకెట్లు పక్కన పెట్టుకుంటాం. వానాకాలంలో డాబా మీది వాననీళ్లు. యూనిట్ అడుగున నీరు పోయే చిల్లులుంటాయి, ఇసుక పేరుకుని మూసుకుపోతే ఉప్పునీరు అక్కడే నిలిచి అడుగు రేకు తుప్పు పడుతుంది. పుల్లతో తీసేస్తే చాలు. కడగడానికి వచ్చే కుర్రాళ్లు కొందరు సీసాలో ఏదో ఆమ్లం తెస్తారు. కొట్టగానే తళతళలాడుతుంది, పూత కూడా దాంతోనే పోతుంది. మా ఇంట్లో దాన్ని మూత కూడా తీయనివ్వను.

మూడోది 2022లో మా పడకగదికి. అదీ ఒక టన్నే. ఆన్ చేయగానే 24 మీద మొదలవుతుంది. 2020 జనవరి నుంచి కొత్త మెషిన్లకి అలా ఉండాలని నియమం వచ్చింది. ఆ గదికి పడమటి గోడ లేదు, అందుకని బయటి యూనిట్ ఉత్తరం వైపు పెట్టక తప్పలేదు. సముద్రపు గాలి ఏటవాలుగా తగులుతుంది. మూడున్నరేళ్లకే అంచు రేకుల మీద తెల్లటి పొక్కులు మొదలయ్యాయి. అదే పూత, అదే కడుగుడు, గాలి తగిలే దిక్కు ఒక్కటే వేరు. దీని లోపలి కాయిల్ 2024లో ఒకసారి కారింది. కంపెనీ సర్వీసు నుంచి వచ్చినతను చూడకుండానే "గ్యాస్ ఎక్కించేద్దాం" అన్నాడు. నేను లీకు ఎక్కడుందో చూపించమన్నాను. నైట్రోజన్ తేలేదన్నాడు. తెచ్చుకుని రమ్మన్నాను. మూడు రోజుల తర్వాత ఇంకొకతను తెచ్చాడు. వంపు దగ్గర నూనె మరక, దాని కింద కంటికి కనిపించనంత చిన్న కన్నం. వారంటీ ఇంకా మిగిలుంది కాబట్టి కాయిల్ మార్చారు, గ్యాస్‌కీ రాకపోకలకీ మాత్రం మేమే కట్టాం.

గ్యాస్ ఎక్కించేటప్పుడు నేను తప్పకుండా చూసేది కాటా. బయటి యూనిట్ మీద స్టిక్కర్‌లో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. పైపు పొడవు ఎక్కువైతే దానికి కొంచెం కలుపుతారు. సిలిండర్‌ని కాటా మీద పెట్టి అంతే ఎక్కించాలి. గేజి చూసి, చేత్తో పైపు పట్టుకుని "చాలు" అనడం పాత మెషిన్లతో కొంత నడిచిందేమో గానీ ఇన్వర్టర్‌కి పనికిరాదు, అది వేగం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఒత్తిడి కూడా మారుతుంది. ఇంకోటి, ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది. గ్యాస్ పూర్తిగా తీయకుండా, కిటికీలు మూసి ఉన్న గదిలో గ్యాస్ వెల్డింగ్ మంట వెలిగించబోతే ఆపండి. నేను ఒకసారి ఆపాను. అతను విసుక్కున్నాడు, అయినా ఆపాను.

ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు తీరని అసంతృప్తి సర్వీసు దూరం. విశాఖ నుంచి పాతిక కిలోమీటర్ల పైన ఉన్నామని భీమిలి కాల్స్‌ని చివర్లో పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో వారం తక్కువ ఎవరూ రారు. అందుకని మేం సర్వీసింగ్ ఫిబ్రవరి మొదటి వారంలోనే చేయించుకుంటాం. అప్పుడు వాళ్లకి తీరిక ఉంటుంది, లీకు పరీక్ష కూడా ఓపిగ్గా చేస్తారు. మంచానపడ్డవాళ్లు ఉన్న ఇంట్లో రెండు గదులకి రెండు ఏసీలు ఉండడం ఆడంబరం కాదనీ, ఒకటి ఆగినా ఇంకో గదిలోకి మార్చుకోవచ్చనీ 2018 నాకు నేర్పింది. మూడోది కొన్నది నిజానికి అందుకే.

ఎదురింటివాళ్లు ఈ నెల కొత్తది కొంటున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ మిగిలిన డబ్బుతో ఒకటిన్నర టన్ను తీసుకుందామనుకున్నారు. వాళ్ల గది మా గది కంటే చిన్నది. ఆ డబ్బు పొడవు పైపుకీ జింకు స్టాండుకీ పెట్టమని చెప్పి, పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్లి మా యూనిట్ మూత విప్పి చూపించాను. ఆరున్నరేళ్ల రేకులు, ఒక్కటి కూడా రాలలేదు. తర్వాత ఉత్తరం వైపు మూడున్నరేళ్లదాన్ని కూడా చూపించాను. ఆవిడ రెండింటినీ వేలితో తడిమి చూసి, బిగించే రోజున మెకానిక్ గారిని పిలవడానికి నంబరు రాసుకుని వెళ్లారు.

అత్తయ్యగారికి ఇప్పుడు 84. వాకర్‌తో గదిలో నాలుగడుగులు వేస్తారు. వీపు మీద పాత మచ్చ తప్ప ఏమీ లేదు. రాత్రి తొమ్మిదవగానే ఆవిడే రిమోట్ తీసుకుని 26 మీద పెట్టి, ఫ్యాను రెండులో వేయమంటారు.